కుంటుతూ ఆడితేనే హీరోనా?

జూన్ 22, ఆదివారం రాత్రి. ఎన్‌బీఏ ఫైనల్స్ ఏడో మ్యాచ్. ఇండియానాపోలిస్‌లోని మా ఇంట్లో నాలుగు కుటుంబాలు టీవీ ముందు చేరాం. 2000 తర్వాత మా పేసర్స్ ఫైనల్స్‌కు రావడం అదే మొదటిసారి. ఇంతవరకు ఒక్క ఎన్‌బీఏ టైటిల్ కూడా లేని జట్టు. మొదటి క్వార్టర్‌లోనే టైరీస్ హాలిబర్టన్ మూడు త్రీ పాయింటర్లు వేశాడు. ఇల్లంతా ఈలలు, కేకలు. కాసేపటికే బంతితో ముందుకు కదలబోయి కుప్పకూలాడు. కుడి మడమ వెనుక ఉండే ఎకిలిస్ స్నాయువు తెగిపోయింది.

103-91తో ఓడిపోయాం. కప్పు గెలిచిన ఓక్లహోమా సిటీ థండర్ మీద నాకేమీ కోపం లేదు. సీజన్‌లో 68 మ్యాచ్‌లు గెలిచిన జట్టు అది. సీజన్ ఎంవీపీ, ఫైనల్స్ ఎంవీపీ రెండూ అందుకున్న షాయ్ గిల్జస్ అలెగ్జాండర్ వాళ్ల వైపే ఉన్నాడు. హాలిబర్టన్ లేకపోయినా సగం ఆట ముగిసేసరికి మావాళ్లు 48-47తో ముందున్నారు. గర్వపడటానికి అది చాలు. నా బాధ వేరే.

ఐదో మ్యాచ్ నాటికే హాలిబర్టన్ పిక్క కండరం దెబ్బతింది. ఆ రోజు అతను ఒక్క ఫీల్డ్ గోల్ కూడా వేయలేకపోయాడు. అయినా ఆరో మ్యాచ్ ఆడాడు, జట్టు గెలిచింది. ఏడో మ్యాచ్‌కూ దిగాడు. "ఇంతదూరం వచ్చాక ఆగుతాడా, ఆడాల్సిందే" అని మా వాట్సాప్ గ్రూపులో రాసినవాళ్లలో నేనూ ఒకణ్ని.

ఇలాంటిది ఇంతకుముందు చూడనిదేమీ కాదు. 2019 ఫైనల్స్‌లో కెవిన్ డ్యురాంట్ పిక్క గాయం నుంచి తిరిగొచ్చి, ఐదో మ్యాచ్‌లో 12 నిమిషాలు ఆడేసరికి ఎకిలిస్ తెగింది. తర్వాతి సీజన్ మొత్తం పోయింది. 2025 ప్లేఆఫ్స్‌లోనే హాలిబర్టన్ కంటే ముందు డేమియన్ లిలార్డ్‌కు, జేసన్ టాటమ్‌కు అదే స్నాయువు తెగింది. ముగ్గురి జెర్సీ నంబరూ సున్నాయే కావడం కాకతాళీయం. అన్నిటికీ కారణం ఒకటేనని నేననను. కానీ పిక్క కండరం కిందకు సాగి మడమను పట్టుకునేది ఆ స్నాయువుతోనే. పైది దెబ్బతిని ఉండగా కిందిదాని మీద భారం వేయడం ప్రమాదమని చెప్పడానికి డాక్టరే కానక్కర్లేదు.

మళ్లీ అదే పరిస్థితి వస్తే మళ్లీ ఆడతానని హాలిబర్టన్ తర్వాత రాశాడు. పెద్దవాడు, తన కాలు, తన నిర్ణయం. దాన్ని తప్పుపట్టే హక్కు నాకు లేదు. కానీ ఆడటం అతని నిర్ణయమైతే, దాన్ని నెత్తిన పెట్టుకోవడం మన నిర్ణయం. ఆ పొగడ్తలు ఎవరెవరి చెవిన పడుతున్నాయో నాకు గత నెలలో తెలిసింది.

మా అబ్బాయి స్కూల్ జట్టులో ఆడతాడు. చీలమండ వాచినా చెప్పకుండా మూడు రోజులు ప్రాక్టీసుకు వెళ్లాడు. ఎందుకు దాచావురా అంటే, "హాలిబర్టన్ ఆడితే హీరో అన్నావు కదా నాన్నా" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. పరీక్షలకు జ్వరంతో వెళ్లినవాణ్ని మెచ్చుకునే ఇళ్లలోనే కదా మనమూ పెరిగాం! ఆ అలవాటే ఇక్కడికీ తెచ్చుకున్నాం.

లీగ్ చేయాల్సిందీ ఉంది. 82 మ్యాచ్‌ల సీజన్‌ను కొంత తగ్గించాలి. 2002 వరకు ఉన్నట్టు ప్లేఆఫ్స్ మొదటి రౌండ్‌ను ఐదు మ్యాచ్‌లకే పరిమితం చేయాలి. గాయపడ్డ ఆటగాడు దిగవచ్చో లేదో జట్టు జీతం తీసుకోని డాక్టర్ తేల్చాలి. 2025-26 సీజన్ నుంచి 11 ఏళ్లకు దాదాపు 7,600 కోట్ల డాలర్ల టీవీ ఒప్పందాలు చేసుకున్న లీగ్ మ్యాచ్‌లు తగ్గిస్తుందని నాకు పెద్దగా ఆశ లేదు.

కాబట్టి నా వంతు నేను చేస్తాను. 2025 అక్టోబరులో కొత్త సీజన్ మొదలైంది. ఆ సీజన్ అంతా హాలిబర్టన్ ఆటకు దూరమే. మా జట్టు ఓడినా సరే, అతను పూర్తిగా కోలుకున్నాకే రావాలి. మావాడు కూడా డాక్టర్ సరేననేదాకా రెండు వారాలు బెంచీ మీద కూర్చున్నాడు. ఆ రెండు మ్యాచ్‌లకూ నేను వెళ్లాను. వాడు ఆడకపోయినా సరే.