భాష మార్చుకోవలసింది ఎవరు?

పలు సంస్కృతుల ఉద్యోగులను కలుపుకొని పనిచేయించే నేర్పును మేనేజర్లకు అలవరచే శిక్షణల్లో వైవిధ్యం, సమ్మిళితత్వం అనే మాటలు జంటగా వినిపిస్తాయి. ఒకేచోట పలురకాల మనుషులు ఉండటం వైవిధ్యమైతే, వారందరి మాటకూ నిర్ణయాల్లో విలువ దక్కడం సమ్మిళితత్వం. మూడు రాష్ట్రాల సరిహద్దులకు చేరువగా ఉన్న కుప్పంలోనూ, కన్నడ సీమకు దగ్గరైన పుంగనూరులోనూ, టమాటా మండీకి పేరుపడ్డ మదనపల్లెలోనూ తెలుగు, తమిళం, కన్నడం, ఉర్దూ పక్కపక్కనే వినబడతాయి గనుక మొదటిదానికి కొరత లేదు; రెండవది మాత్రం దానంతట అది రాదు.

మండీలో కొనేవారికీ అమ్మేవారికీ పరస్పరం అవసరం ఉంటుంది గనుక ఇరువైపులా నాలుగు పరాయి మాటలు నేర్చుకుంటారు. జీతమిచ్చే చోట ఆ సమతూకం చెడి, భాష మార్చుకునే భారం ఎప్పుడూ కిందివారి మీదే పడుతుంది. గ్రానైట్ కోసే యంత్రం దగ్గర నిలబడ్డ తమిళ కూలీ "సరే సార్" అని తలూపితే, జాగ్రత్తలన్నీ అర్థమయ్యాయని సూపర్‌వైజర్ అనుకుంటాడు. చెప్పినదాన్ని కూలీ చేత అతని మాటల్లోనే తిరిగి చెప్పించుకోవడం, అది అర్థం చేసుకోగలిగిన మనిషిని పక్కన ఉంచుకోవడం శిక్షణలో మొదటి పాఠం కావాలి. తండ్రి వయసున్న హమాలీని "ఏమిరా" అనీ, గుమాస్తాను "మీరు" అనీ పిలిచే అలవాటు రెండవ పాఠానికి వస్తువు; కులం తన పేరు చెప్పుకోకుండా పనిచేసేది ఎక్కువగా ఇలాంటి పిలుపుల్లోనే.

1919లో మదనపల్లె బెసెంట్ థియొసాఫికల్ కళాశాలకు వచ్చిన రవీంద్రనాథ్ ఠాగూర్, బెంగాలీలోని జనగణమనను అక్కడే స్వయంగా ఇంగ్లీషులోకి మార్చారు. నోబెల్ అందుకున్న అతిథి అయివుండీ భాష మార్చే శ్రమను ఎదుటివారికి వదలకుండా తానే తీసుకున్నారన్న సంగతిని, ఆ ఘట్టాన్ని గర్వంగా తలచుకునే ఊరు అంతగా పట్టించుకున్నట్టు లేదు.

సమ్మిళితత్వానికి చట్టం అండ కూడా ఉంది: పదిమంది, అంతకు మించి పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ ఉండాలని 2013 నాటి చట్టం, వికలాంగులకు సమాన అవకాశాల విధానాన్ని ప్రకటించాలని 2016 నాటి చట్టం చెబుతున్నాయి. ఆ ప్రకటన గోడమీద ఇంగ్లీషులో మాత్రమే ఉంటే చదవలేనివారికి అది ఉన్నా లేనట్టే. పైఅధికారులకు హోటల్ హాళ్లలో ఇచ్చే తరగతుల కంటే, కూలీకి రోజూ ఎదురయ్యే మేస్త్రీకి ఇచ్చే తర్ఫీదే ఎక్కువ అక్కరకొస్తుంది. ద్రావిడ భాషల అధ్యయనం కోసం 1997లో కుప్పంలో ఏర్పడిన ద్రావిడ విశ్వవిద్యాలయం ఈ పనికి చేయి కలిపితే, తెలుగు మాత్రమే వచ్చిన సూపర్‌వైజర్ చేత ఒక పూటంతా తమిళంలో ఆదేశాలు వింటూ పనిచేయించి, సాయంత్రం అతనికి ఎంత అర్థమైందో అడగవచ్చు.