పెళ్లి ఆల్బం వచ్చింది, చూడనీకి యాడి ఇంట్ల లేదు

పోస్టు పొడుగుంటది, ఓపిక చేసుకొని సదువుండ్రి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడు జిల్లాల మన తండాలల్ల, పెంటలల్ల మళ్లీ పెళ్లిళ్ల సీజన్ మొదలైతది. అందుకే ఇప్పుడే రాస్తున్న. కొందరికి కోపం వస్తది, రానీయండి.

నేను తిట్టేది ముందుగాల నన్నే.

2024 శ్రావణంల మా అక్క పెళ్లి. నేను అప్పుడు డిగ్రీ అయిపోయి హైదరాబాద్‌ల కోచింగ్ తీసుకుంటున్న. ఇంట్ల సదువుకున్నోన్ని నేనే గనక పెళ్లి పనులన్నీ నా చేతికిచ్చిండ్రు. యాడికి, బాపుకి లెక్కలు రావు, నాకొస్తయి అని వాళ్ల నమ్మకం. ఆ నమ్మకాన్ని నేను ఏం జేసిన్నో ఈ లెక్క చూడండి. లెహంగా 22,000. జాకెట్ల మగ్గం వర్క్ 9,000. మేకప్ ఆమెకు 15,000. ఫొటో, వీడియో, డ్రోన్, ఆల్బం కలిపి ప్యాకేజీ 85,000. డీజే 30,000. స్టేజీ డెకరేషన్ 40,000. మొత్తం 2,01,000 రూపాయలు. ఇందుల తిండి లేదు, బంగారం లేదు, పెట్టుపోతలు లేవు. ఒక్క దినం కనపడనీకి పెట్టిన ఖర్సు ఇది.

ఆ రెండు లక్షలు ఎక్కడివి? మూడు రూపాయల వడ్డీకి తెచ్చినవి. అంటే నెలకు 6,000, ఏడాదికి 72,000. ఆ ఏడు ఉపాధి హామీ కూలి రోజుకు 300. 72,000 కావాల్నంటే 240 రోజులు మట్టి తవ్వాలె. అప్పుడు ఇంటికిచ్చేది 100 రోజుల పని. అంటే రెండేండ్లు దొరికే పని గూడ ఒక్క ఏడాది వడ్డీకే సాలదు, అసలు అట్లనే ఉంటది. నేను గ్రూప్స్‌కి ప్రిపేర్ అయితున్నోన్ని, అర్థమెటిక్‌ల మంచి మార్కులొస్తయి. ఈ లెక్క మాత్రం పెళ్లికి ముందు ఒక్కసారి గూడ వేయలే.

బట్టల దుకాణంల జరిగింది చెప్త. అక్క, యాడి, నేను, ఇంకో ఇద్దరం పోయినం. యాడి ఫేటియా, కాంచళి, టుక్రి ఏసుకొని వచ్చింది. ఆమె రోజూ ఏసుకునే బట్టలే అవి. సేల్స్‌మన్ మమ్మల్ని మెత్త మీద కూసోబెట్టి, యాడికి తలుపు కాడ ప్లాస్టిక్ కుర్చీ చూపెట్టిండు. నేను సూసిన. ఏం అనలే. అక్క మెల్లగ "నాకు గద్వాల చీర కావాలె, ఎర్ర అంచుది" అన్నది. నేనే "చీర ఓల్డ్ అయితది, హాస్టల్ దోస్తులందరు వస్తరు, లెహంగా తీసుకో" అన్న. పైసలు తెచ్చింది బాపు, కట్టుకునేది అక్క, పసందు జేసింది నేను. ఇప్పుడా లెహంగా ఇనుప పెట్టెల ఉంది. ఒక్కసారి కట్టింది, మళ్లీ కట్టలే. ఎక్కడ కడ్తది, పత్తి చేన్లనా?

అటెన్క ఫొటో ఆఫీసుకు పోయినం. ఆయన ఒక ఫోల్డర్ తీసి "ప్రీ వెడ్డింగ్‌ల మీకోసం బంజారా థీమ్ ఉంది, డ్రెస్సు కిరాయి 3,500" అన్నడు. ప్లాస్టిక్ అద్దాలు గమ్‌తోని అతికిచ్చిన గౌను, తగరం గొలుసులు. యాడి బయట మెట్ల మీద కూసున్నది. చేతికుట్టుతోని, నిజమైన అద్దాలతోని ఆమె సొంతంగా కుట్టుకున్న బట్టలు ఒంటి మీద ఉన్నయి. లోపల ఆమె కొడుకు ఆమె వేషం కిరాయికి బేరమాడుతున్నడు. మన అమ్మ కడితే మోటు, మోడల్ కడితే థీమ్. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, దీన్ని ఏమనాలె?

ఇగ అసలు సంగతి. శ్రావణంల పెళ్లయింది. దీపావళి నాటికి షావుకారు ఇంటికొచ్చి కూసున్నడు. బాపు గుంపు మేస్త్రీ కాడ ఇద్దరి పేరు మీద లక్ష అడ్వాన్సు తీసుకొని సగం అప్పు కట్టిండు. యాడి, బాపు చెరుకు కొట్టనీకి కర్ణాటక పోయిండ్రు. ఆల్బం 45 రోజులల్ల ఇస్తనన్న ఫొటో ఆయన ఫిబ్రవరిల ఇచ్చిండు. నేను తండాకు తీస్కపోయిన. ఇంటికి తాళం. ఆల్బంల మొదటి పేజీ మీద యాడి నవ్వుతున్న ఫొటో ఉంది. ఆ టైముకు ఆమె ఎక్కడనో చెరుకు కట్టలు మోస్తున్నది. ఆ ఆల్బంకు పైసలు కట్టిందెవరో నాకు అప్పుడు సమజైంది.

"కల్యాణలక్ష్మి వస్తది గద" అంటరు. వస్తది. 2014 అక్టోబర్‌ల మొదలైనప్పుడు 51,000, తర్వాత 75,116, 2018 నుంచి 1,00,116. మంచి పథకమే. పద్దెనిమిదేండ్లు నిండితేనే ఇస్తరు గనక చిన్నపిల్లల పెళ్లిళ్లు ఆపనీకి ఒక కారణం దొరికింది. కానీ ఆ పైసలు పెళ్లినాడు చేతికి రావు. మాకు పది నెలలకొచ్చింది. అప్పటిదాంక వడ్డీకి 36,000 కట్టినం. చెక్కు యాడి పేరు మీద వచ్చింది, పొయ్యి షావుకారు చేతుల పడ్డది. 2018ల లక్ష అంటే లక్ష. ఇప్పుడు తులం బంగారమే లక్ష దాటింది. "చెక్కు వస్తది గద, ఖర్సు పెట్టు" అని ప్యాకేజీ పెంచుమనేటోడు ఎవరైనా సరే, మన మేలు కోరేటోడు గాదు.

కొందరు దోస్తులు నాతో కొట్లాడిండ్రు. "రెడ్లు, సేట్లు జేస్తే శోభ, మనం జేస్తే దుబారానా? మనకు మాత్రం మంచిగ కనపడాలని ఉండదా?" అని. ఇది ఉత్త మాట గాదు. మన తాతలను గుడి బయట, హోటల్ బయట నిలబెట్టిన ఊర్లల్ల స్టేజీ మీద కుర్చీల కూసోవాలని ఉండుడు తప్పు గాదు. నేను గూడ అందుకే జేసిన. కానీ వాళ్లు పంట మీద, కిరాయిల మీద వచ్చిన పైసలు ఖర్సు పెడ్తరు. మనం అమ్మ నడుం మీద ఖర్సు పెడ్తున్నం. గౌరవం కొనుక్కుందామని పోయి అడ్వాన్సు కింద అమ్ముడుపోతున్నం. గద్వాల దిక్కు సీడు పత్తి ఏసేటోళ్లకు తెలుసు, ఆర్గనైజర్ కాడ పెట్టుబడికి తెచ్చిన పైసలు పెళ్లికి వాడితే ఆ పంట ఎవరిదైతదో. స్టేజీ మీద రెండు గంటలు రాజు, స్టేజీ దిగినంక ఆరు నెలలు కూలి.

ఇంకో మాట. ఇది పాత రోజులు బంగారం అని పాడే పాట గాదు. మన పెద్దల కాలంల మొగపిల్లగానోళ్లే పిల్ల ఇంటికి ఎద్దులు, పైకం ఇచ్చేటోళ్లు. అండ్ల గూడ ఆడపిల్ల ఇష్టం ఎవరూ అడగలే. అటెన్క బయటోళ్లను జూసి కట్నం నేర్చుకున్నం. నేర్చుకుంటే ఏమైంది? 1999ల, మళ్లీ 2001ల దేవరకొండ దిక్కు మన తండాలల్ల పుట్టిన ఆడపిల్లలను దత్తత పేరుతోని అమ్ముకున్న సంగతి దేశమంత పేపర్లల్ల వచ్చింది. పేదరికంతోని పాటు "ఇంకో ఆడపిల్లకు కట్నం ఎక్కడ తేవాలె" అన్న భయం గూడ దాని ఎన్క ఉంది. ఒకరి ఆచారం అప్పు తెచ్చుకుంటే ఎంత దూరం తీస్కపోతదో మనకంటే ఎవరికి ఎక్కువ తెలుసు? ఇప్పుడు కట్నం పక్కన ప్యాకేజీ వచ్చి కూసున్నది. మొగపిల్లగానోళ్లు "కట్నం వద్దు గని పెళ్లి గ్రాండ్‌గ జేయాలె" అంటున్నరు. అది గూడ కట్నమే. పేరు మారింది, కట్టేటోడు మారలే.

అట్లని "అందరు ఫేటియానే కట్టాలె" అని ఆడపిల్లల మీదికి పోయేటోళ్లతో నేను లేను. మా అక్కనే అడిగింది: "సంస్కృతి నా ఒంటి మీదనే ఎందుకు? నువ్వు పెళ్లి నాడు సూటు ఏసుకుంటవు, నేను మోచేతి మీదిదాంక బలియా ఏసుకోవాల్నా?" నా కాడ జవాబు లేదు. కట్టుకునేది ఆమె, పసందు ఆమెదే. ఫేటియా కడ్తదో, గద్వాల చీర కడ్తదో, లెహంగానే కడ్తదో ఆమె చెప్పాలె. మనం చెప్పాల్సింది ఒక్కటే: వడ్డీ పైసలతోని వద్దు.

మరి ఏం జేద్దాం? నాకు తోచింది రాస్తున్న.

ఒకటి. దుకాణంకు పోకముందే రెండు ఇండ్లోళ్లు, తండా నాయక్, కార్బారి ముంగట కూసొని కాయితం మీద రాయాలె. చేతిల ఉన్న పైసలెన్ని, అప్పు ఎంత. బట్టలు, ఫొటోలు, డీజే, డెకరేషన్ ఈ నాలుగు అప్పు పైసలతోని జేయొద్దని మాట అనుకోవాలె. ఎవరికి గ్రాండ్ కావాల్నో ఆ ఇంటోళ్లే ఆ ఖర్సు పెట్టుకోవాలె.

రెండు. చీర కొనాల్నంటే మన పక్కనే ఉన్నది. గద్వాల, రాజోలి, అమరచింత మగ్గాల కాడికే పొయ్యి చూడండి. గద్వాల చీరకు జీఐ గుర్తింపు ఉంది. ఒళ్లు నూలు, అంచు, కొంగు పట్టు, రెండింటిని కుప్పడం పద్ధతిల మగ్గం మీదనే కలుపుతరు. తిప్పి చూస్తే ఆ పోగుల కలయిక ఎన్క దిక్కు కనపడ్తది. పవర్‌లూమ్ నకలును గద్వాల పేరు మీద అమ్మేటోళ్లు ఉంటరు, హ్యాండ్లూమ్ మార్క్ అడగండి. తిరుమల బ్రహ్మోత్సవాలకు ఏరువాడ జోడు పంచెలు పోయేది గద్వాల మగ్గాల నుంచే. దేవునికి సరిపోయిన నేత మన అక్కకు ఓల్డ్ ఎట్లయితది? ఆ నేతన్న గూడ మన లెక్క అప్పులల్ల ఉన్నోడే, పైసలు ఆయన ఇంటికి పోనీయండి.

మూడు. ఎవ్వరికైనా అడ్వాన్స్ ఇచ్చేముందు రాయించుకోండి: తారీఖు, ఎన్ని గంటలు, ఎంతమంది వస్తరు, తండాకు వచ్చే బండి కిరాయి ప్యాకేజీలనే ఉన్నదా, ఆల్బం ఎన్ని షీట్లు, ఎన్ని రోజులల్ల, రాకపోతే ఎంత వాపస్. మేము నోటి మాట మీద ఇచ్చినం, తండా దూరమని ఆఖరికి 4,000 ఎక్కువ గుంజిండ్రు. బిల్లు అడగండి. బిల్లు ఇయ్యకపోవుడు, పాడైన సరుకు బిల్లుల రాసిన గడువుల, గడువు రాయకపోతే 30 రోజులల్ల వాపస్ తీసుకోనని అనుడు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పే. 1915 నంబర్‌కు ఫోన్ చేయొచ్చు. ఐదు లక్షల లోపు కేసుకు జిల్లా కమిషన్‌ల ఫీజు గూడ లేదు. లా సదివే మన పిల్లలు ఈ గ్రూపులనే ఉన్నరు, ఒక దరఖాస్తు నమూనా తెలుగుల రాసి పెట్టండి.

నాలుగు. మన చేతి పనికి కూలి కట్టండి. బళ్లారి జిల్లా సండూరు లంబాణీ కుట్టుకు జీఐ ఉంది. 2023 జూలైల హంపీల జీ20 మీటింగ్ అయినప్పుడు 450 మందికి పైగా లంబాణీ ఆడోళ్లు కుట్టిన 1,755 ముక్కలు ప్రదర్శనకు పెడితే గిన్నిస్ రికార్డు అయింది. అదే సూది, అదే అద్దం మా యాడి చేతిల గూడ ఉంది. జాకెట్ మగ్గం వర్క్‌కు నేను 9,000 ఇచ్చిన, యాడి కుట్టిన కాంచళికి జన్మల ఒక్క రూపాయి ఇయ్యలే. మన తండాల కెమెరా ఉన్న పిల్లగాడున్నడు, టైలర్ ఉన్నడు, వంట జేసేటోళ్లు ఉన్నరు. ముందుగాల వాళ్లను అడగండి, ఫ్రీగ గాదు, పైసలిచ్చి.

చెంచు తమ్ముళ్లు "మా పెంటలకు ఈ గోల ఇంకా రాలే" అంటరు. మా తండాకు గూడ పదేండ్ల కింద రాలే. అచ్చంపేట దాంక వచ్చింది, మన్ననూర్ ఎంత దూరం? రాకముందే మాట అనుకోండి.

ఆఖరిగ ఉద్యోగమొచ్చిన అన్నలకు, అక్కలకు. మీ పైసలు, మీ ఇష్టం, నిజమే. కానీ మీ పెళ్లి వీడియో తండా అంత చూస్తది. మీకు జీతం నుంచి పోతది, దాన్ని జూసి జేసేటోనికి చేను నుంచి పోతది. ఒక్క కానిస్టేబుల్ అన్న, ఒక్క టీచరమ్మ బీచుపల్లి గుళ్లెనో, ఉమామహేశ్వరం కాడనో దండలు మార్చుకొని తండాల మంచి బువ్వ పెడితే, ఎన్కనున్న పది ఇండ్లు ఊపిరి తీసుకుంటయి. "ఉద్యోగమున్నోడే గట్ల జేసిండు" అన్న మాట చాలు మా బాపులాంటోళ్లకు.

పెళ్లి నాడు యాడి అక్కను పట్టుకొని ఢావ్లో పాడింది. డీజే సప్పుడుల ఎవ్వరికీ ఇనపడలే. 85,000 పెట్టిన వీడియోల గూడ ఆ గొంతు లేదు, దాని మీద సినిమా పాట పెట్టిండ్రు. ఇప్పుడు ఎంత ఇచ్చినా అది దొరకదు. మీ ఇంట్ల పెళ్లైతే ఆ ఐదు నిమిషాలు డీజే బంద్ చేయించండి, ఫోన్ల రికార్డు చేయండి. దానికి పైసలు గావు.

తప్పుంటే తిట్టండి. కానీ తిట్టేముందు మీ ఇంట్ల అయిన పోయిన పెళ్లి లెక్క ఒక్కసారి కాయితం మీద ఏసి చూడండి.