మైకు కాదు, పని ఇవ్వండి
వారం మాట – తార్నాక వాసి

అమెరికాలో ఏదో ఊళ్ళో మనవాళ్ళు బతుకమ్మ ఆడతారు. ఆ ఊరి మేయరు మెడలో కండువా వేసుకుని వచ్చి, కాగితంలో చూసుకుంటూ రెండు తెలుగు ముక్కలు పలికి వెళ్తాడు. తెల్లారేసరికి ఆ వీడియో మన ఫోన్లన్నీ చుట్టి వస్తుంది. చూశారా, మనవాళ్ళకి ఎంత మర్యాదో అని మురిసిపోతాం. మురిస్తే తప్పేం లేదు. బిడ్డని పంపి ఇక్కడ నిద్ర పట్టని తల్లికి అదొక ధైర్యం. విదేశాల్లో చదువుకుంటున్న భారతీయులు 13 లక్షల పైచిలుకని విదేశాంగ శాఖ 2024లో లెక్క చెప్పింది. అందులో తెలుగు పిల్లల వాటా ఎంతో ఎవరూ చెప్పక్కర్లేదు, మీ వీధిలో పెద్దవాళ్ళు ఒక్కళ్ళే ఉంటున్న ఇళ్ళు లెక్కపెట్టుకుంటే చాలు.

మన ఊరికి చదువుకోడానికి వచ్చిన పరాయి దేశం పిల్లలకి ఆ మర్యాద దక్కుతోందా అని అడిగితే మాత్రం మాట మారుస్తాం. అసలు అలాంటి పిల్లలున్నారన్న సంగతే చాలామందికి పట్టదు. 2021-22 ఉన్నత విద్యా సర్వే ప్రకారం దేశం మొత్తం మీద విదేశీ విద్యార్థులు 47 వేల లోపే. వాళ్ళలో నాలుగో వంతుకి పైగా పక్కనున్న నేపాల్ నుంచి వచ్చినవాళ్ళు. ‘స్టడీ ఇన్ ఇండియా’ అని కేంద్రం 2018లో ప్రచారం మొదలుపెట్టింది. ప్రచారం చూసి పిల్లలు రారు. ఇక్కడ చదివి వెళ్ళినవాడు తన ఊళ్ళో తమ్ముడికి ఏం చెప్తాడో, దాన్ని బట్టి వస్తారు.

హైదరాబాద్‌లో వీళ్ళు ఎక్కువగా కనిపించేది తార్నాక, హబ్సిగూడ వైపు, ఆ తర్వాత టోలీచౌకిలో. వాళ్ళు చదివేది ఉస్మానియా, దాని పక్కనే ఇంగ్లీషు, విదేశీ భాషల యూనివర్సిటీ ఇఫ్లూ, అటు గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ. సెంట్రల్ యూనివర్సిటీకి 1998 నుంచి ఒక సెమిస్టర్ చదువుకి అమెరికన్ పిల్లలు వచ్చి వెళ్తుంటారు. వాళ్ళది సుఖమైన కథ, వదిలేద్దాం. నేను మాట్లాడేది ఆఫ్ఘనిస్తాన్, యెమెన్, సూడాన్, సోమాలియా పిల్లల గురించి. 1950లో మౌలానా ఆజాద్ పెట్టిన భారత సాంస్కృతిక సంబంధాల మండలి (ఐసీసీఆర్) ఇచ్చే స్కాలర్‌షిప్ మీద కొందరు, ఇంట్లో పొలమో బంగారమో అమ్ముకుని కొందరు వస్తారు. స్కాలర్‌షిప్ అంటే డిగ్రీకి నెలకి 18 వేలు, పీజీకి 20 వేలు, పీహెచ్‌డీకి 22 వేలు, పైన కొంత ఇంటద్దె. 2021 ఆగస్టు 15న కాబూల్ తాలిబన్ల చేతికి పోయినప్పుడు, 2023 ఏప్రిల్‌లో ఖార్టూమ్‌లో కాల్పులు మొదలైనప్పుడు, ఈ పిల్లల్లో చాలామందికి ఇంటి నుంచి డబ్బు ఆగిపోయింది. వెళ్దామంటే దారి లేదు, ఉందామంటే వీసా గడువు. మనకి అది టీవీలో కింద నడిచే స్క్రోలింగ్.

నిజానికి ఈ ఊరికి ఆ దేశాలవాళ్ళు కొత్త కాదు. నిజాం సైన్యంలో చేరిన యెమెనీల వారసులు బార్కస్‌లో ఇప్పటికీ ఉన్నారు. రంజాన్ నెలలో మనం లైన్లో నిలబడి తినే హలీమ్, పెళ్ళి బరాత్‌లో మోగే మర్ఫా వాళ్ళు తెచ్చినవే. ఏసీ గార్డ్స్‌లో మొదటి రెండక్షరాలు ఆఫ్రికన్ కావల్రీ. ఆఫ్రికా నుంచి వచ్చిన అశ్వదళం కాపురమున్న చోటది. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద ఫొటో దిగని తెలుగు విద్యార్థి ఉండడు, ఆ భవనానికి ప్లాను గీసింది ఒక బెల్జియం ఆయన. ఇంత చరిత్ర ఉన్న ఊళ్ళో ఒక యెమెన్ కుర్రాడికి గది దొరకడం ఎందుకంత కష్టమో ఒకసారి చూడండి.

హబ్సిగూడ సందులో టు-లెట్ బోర్డు. ఓనరు గేటు దగ్గరే నిలబడి మాట్లాడతాడు. అడిగేది గది కావలసిన కుర్రాణ్ణి కాదు, తోడొచ్చిన మన క్లాస్‌మేట్‌ని. “ఏ దేశం? యెమెనా, అదెక్కడ? కిరాయి టైముకిస్తడా? రాత్రిపూట దోస్తులు జమైతరా?” అన్నిటికీ జవాబు వచ్చాక, “మా కోడల్ని అడిగి ఫోన్ చేస్త బిడ్డా” అంటాడు. ఫోన్ రాదు. ఓనరు చెడ్డవాడేం కాదు. కొత్త మనిషంటే బెరుకు, పైగా పోలీసు కాగితాల భయం. విదేశీయుడికి ఇల్లిస్తే 24 గంటల్లో ఆన్‌లైన్‌లో వివరాల ఫారం పంపాలి. అదేమిటో ఎవరూ ఆయనకి చెప్పలేదు, చెప్పనిది ఎప్పుడూ పెద్దగానే కనిపిస్తుంది. చివరికి కుర్రాడు టోలీచౌకి పోయి తన దేశంవాళ్ళ మధ్య నలుగురితో కలిసి ఒక గదిలో సర్దుకుంటాడు. రోజూ తార్నాకకి రెండు బస్సులు మారి వస్తాడు. అప్పుడు మనమే అంటాం, వీళ్ళు ఎవరితోనూ కలవరని.

కలపడానికి మనం చేసే ప్రయత్నమంతా వేదిక మీదే. అంతర్జాతీయ విద్యార్థుల దినోత్సవమనో, సాంస్కృతిక సంధ్య అనో బ్యానరు కడతారు. ఒక్కో దేశానికి ఒక బల్ల, బల్ల మీద ఆ దేశం వంట. మన విద్యార్థులు అన్నీ రుచి చూసి సెల్ఫీలు దిగి వెళ్ళిపోతారు. ముఖ్య అతిథి వచ్చాక ఒక అబ్బాయి చేతికి మైకిచ్చి, తెలుగులో ఏదైనా చెప్పమంటారు. “నమస్తే, బాగున్నారా” అనగానే హాలంతా చప్పట్లు. మర్నాడు జిల్లా ఎడిషన్లో ఫొటో. మూడేళ్ళు ఇక్కడుండి పీజీ పూర్తి చేసి పరిశోధన చేస్తున్న మనిషికి ఆ చప్పట్లు ఎలా ఉంటాయో నాకు తెలీదు గానీ, నా కొడుకుని డల్లాస్‌లో అలా నిలబెట్టి “గుడ్ మార్నింగ్” అనిపించి చప్పట్లు కొడితే నాకు ఒళ్ళు మండుతుంది.

సంస్కృతి అక్కడ కలవదు. అది కలిసేచోటు ఒకటి చూశాను. లేడీస్ హాస్టల్లో సద్దుల బతుకమ్మ ముందు రోజు. వరండాలో న్యూస్‌పేపర్లు పరిచి, గునుగు పువ్వు కాడలన్నీ ఒకే పొడుగున కోస్తున్నారు. మెస్సులో పనిచేసే ఆమె పెద్దరికం చేస్తోంది. ఒక సూడాన్ అమ్మాయి గులాబీ రంగు బకెట్లో గునుగు ముంచి తీస్తోంది, మోచేతుల దాకా రంగే. పువ్వు తల ఎక్కువసేపు ముంచిందని మెస్సు ఆమె కసిరింది. “ఎన్నిసార్లు చెప్పాలె నీకు? ఊకె అద్ది తియ్యి.” ఆ పిల్ల “సరే పెద్దమ్మా” అని అద్ది తీసింది. ఎవరూ నవ్వలేదు, ఎవరూ ఫోన్ తియ్యలేదు. ఆ పిల్ల అక్కడ అతిథి కాదు, పని నేర్చుకుంటూ తిట్లు తింటున్న మనిషి. నేను చెప్పాలనుకున్నది అదే. మనం ఈ పిల్లలకి మైకులిస్తున్నాం, పని ఇవ్వడం లేదు.

పని అంటే మాట వరసకి అంటున్నది కాదు. మనవాళ్ళు విదేశాల్లో ఎలా నెట్టుకొస్తున్నారో మనకి బాగా తెలుసు. అమెరికాలో ఎఫ్-1 వీసా మీదున్న పిల్లలు చదువు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలు క్యాంపస్‌లో పని చేసుకోవచ్చు. లైబ్రరీ కౌంటరో, డైనింగ్ హాలో. జర్మనీలో ఏడాదికి 140 పూర్తి రోజులు, ఆస్ట్రేలియాలో పక్షానికి 48 గంటలు. (గంటలు దాటి గ్యాస్ స్టేషన్లలో చేసే పని గురించి మనం పైకి మాట్లాడుకోం, అది వేరే సంగతి.) చదువయ్యాక అమెరికాలో ఓపీటీ అనే పని అనుమతి పన్నెండు నెలలు, సైన్సు, ఇంజనీరింగు చదివినవాళ్ళకి ఇంకో రెండేళ్ళు. ఈ వెసులుబాట్లలో ఒక్క నెల కోత పడుతుందన్న వార్త వస్తే అమీర్‌పేట నుంచి అమరావతి దాకా గుండెలు బాదుకుంటాం.

ఇక్కడ విద్యార్థి వీసా మీదున్నవాళ్ళు ఉద్యోగం చెయ్యకూడదు. వారానికి ఒక్క గంట కూడా. చదువు పూర్తయ్యాక ఉద్యోగ వీసాకి మారాలంటే ఏడాదికి 16 లక్షల 25 వేల జీతం ఉండాలని షరతు పెట్టారు. మన ఇంజనీరింగ్ కాలేజీల నుంచి వచ్చే పిల్లల్లో ఎందరికి మొదటి ఉద్యోగంలో అంత జీతం వస్తోంది? ఆ షరతు నుంచి తప్పించినవాళ్ళలో పరభాషా ఉపాధ్యాయులు, అనువాదకులు ఉన్నారు. ఇంగ్లీషు కాకుండా వేరే భాష తెలిసిన మనిషి విలువ ఏమిటో నిబంధన రాసినాయనకి తెలుసన్నమాట. మన యూనివర్సిటీలకే తెలీదు. ఇఫ్లూలో అరబిక్ నేర్చుకుంటున్న తెలుగు పిల్లలు, అదే గేటు బయట టీ తాగుతున్న యెమెన్ పిల్లలు. వీళ్ళకి రోజూ ఓ గంట అరబిక్ మాటలు, వాళ్ళకి ఓ గంట తెలుగో ఇంగ్లీషో అని కుదిర్చిపెట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఒక ఖాళీ గది తాళం చాలు.

అరబిక్ అక్కరకొచ్చే చోటు ఇంకొకటి ఉంది. మన పెద్ద ఆసుపత్రులకి సూడాన్, ఇరాక్, ఒమన్, యెమెన్, సోమాలియా నుంచి రోగులు వస్తారు. వాళ్ళ చుట్టూ కమీషన్ మనుషులు ముసురుతారు. డాక్టరు గదిలోనైతే ఎవరో ఒక దుబాసీ ఉంటాడు. అసలు అవసరం తర్వాత, మందుల షాపు దగ్గర. కవరు మీద 1-0-1 అని రాసి చేతిలో పెడతారు. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, మధ్యాహ్నం వద్దు అని మనకి చిన్నప్పట్నుంచీ తెలుసు. సూడాన్ నుంచి బిడ్డ గుండె ఆపరేషన్‌కి వచ్చిన తల్లికి ఎలా తెలుస్తుంది? అన్నం తిన్నాకా ముందా అన్నది ఆమెకి ఎవరు చెప్తారు? ఆమె భాష వచ్చిన ఎంఎస్సీ, ఫార్మసీ విద్యార్థులు ఆ ఆసుపత్రికి పది కిలోమీటర్ల లోపే ఉంటారు.

స్వచ్ఛందంగా చెయ్యమనొచ్చు కదా, డబ్బు లేకపోతే తప్పేముంది అంటారు. అక్కడా ఒక మెలిక ఉంది. జీతం లేకుండా ఎన్జీవోలో సేవ చెయ్యడానికి వచ్చే విదేశీయుడికి కూడా మన దగ్గర ఇచ్చేది ఎంప్లాయ్‌మెంట్ వీసాయే, దాని మీద ఎన్జీవోలో పనికి అని విడిగా రాసి మరీ ఇస్తారు. కాబట్టి విద్యార్థి తనంతట తాను పోయి ఎక్కడో సేవ మొదలుపెడితే, రేపు వీసా పొడిగింపు దగ్గర ఎవరైనా అడిగితే చిక్కు. ఈ పని యూనివర్సిటీ గొడుగు కింద, చదువులో భాగంగా జరగాలి. జాతీయ సేవా పథకం (ఎన్ఎస్ఎస్) మనకి 1969 నుంచి ఉంది. రెండేళ్ళలో 240 గంటల సేవ, వారం రోజుల క్యాంపు. మన పిల్లలకి ఆ గంటలు ఎక్కడ గడపాలో తెలియక ఊరి చివర మొక్కలు నాటి ఫొటో పంపుతారు. వచ్చే ఏడాది అదే గోతిలో మళ్ళీ నాటుతారు. ఆ యూనిట్లలోకి ఈ పిల్లల్ని పిలిచి, ఇద్దరు మనవాళ్ళు, ఒక అరబిక్ వచ్చినవాడు కలిపి ఒక జట్టుగా ఆసుపత్రి మందుల కౌంటరు పక్కన కూర్చోబెడితే ఆ గంటలకి లెక్కుంటుంది. క్రెడిట్లూ ఇవ్వొచ్చు. డిగ్రీతో పాటు చేతికొచ్చే ఆ సర్టిఫికెట్టు రేపు దుబాయ్‌లోనో కైరోలోనో ఉద్యోగానికి వెళ్ళినప్పుడు పనికొస్తుంది.

ఎదురు వాదన నాకు తెలుసు. మన పిల్లలకే ఉద్యోగాల్లేవు, వీళ్ళకెందుకు? దేశమంతా కలిపి 47 వేల మంది, వారానికి 20 గంటలు లైబ్రరీలో పుస్తకాలు సర్దితే ఎవరి ఉద్యోగం పోతుందో చూపించమనండి. రెండోది మాదకద్రవ్యాల మాట. కొందరు విదేశీయులు ఆ కేసుల్లో పట్టుబడ్డ మాట నిజం, వీసా గడువు దాటి ఉండిపోయినవాళ్ళని వెనక్కి పంపిన మాటా నిజం. చట్టం తన పని చేస్తుంది. అయితే ఇంటి నుంచి డబ్బు ఆగి, న్యాయంగా రూపాయి సంపాదించే దారి లేక, గదిలో కూర్చున్న ఇరవై రెండేళ్ళ కుర్రాడి దగ్గరికి మొదట వచ్చేది ఎవరో పోలీసులకి మనకన్నా బాగా తెలుసు. 2016 మేలో ఇదే ఊళ్ళో పార్కింగ్ తగాదాలో ఒక నైజీరియా విద్యార్థి తల పగలగొట్టారు. అప్పుడు నాలుగు రోజులు చర్చ జరిగింది. మెల్‌బోర్న్‌లోనో చికాగోలోనో మనవాడికి అదే జరిగితే చర్చ నాలుగు రోజులతో ఆగదు.

ఈ దేశంలో చదివి వెళ్ళినవాళ్ళు చిన్నవాళ్ళేం కాదు. సిమ్లాలో ఎంఏ చేసిన హమీద్ కర్జాయ్ ఆఫ్ఘనిస్తాన్ అధ్యక్షుడయ్యాడు. జేఎన్‌యూలో పీహెచ్‌డీ చేసిన బాబూరామ్ భట్టరాయ్ నేపాల్ ప్రధాని అయ్యాడు. మన హాస్టళ్ళలో ఉన్నవాళ్ళు అధ్యక్షులు కానక్కర్లేదు, వాళ్ళ ఊళ్ళో ఒక టీచరో ఫార్మసిస్టో అయి, హైదరాబాద్ పేరెత్తితే నొచ్చుకోకుండా ఉంటే చాలు.

వారానికి 20 గంటల పనికి అనుమతి ఢిల్లీలో హోం శాఖ ఇవ్వాలి, అది మన ఎంపీలు అడగవలసిన మాట. మన పిల్లల వీసాల మీద ఇంత గట్టిగా మాట్లాడేవాళ్ళు ఇది ఒక్కసారి అడిగినట్టు నేను వినలేదు. ఢిల్లీ దాకా వెళ్ళకుండా ఇక్కడే అయ్యేది మాత్రం ఇల్లు. తార్నాక, హబ్సిగూడ, విద్యానగర్ కాలనీ సంఘాలని యూనివర్సిటీ ఒక ఆదివారం పిలవొచ్చు. ఆ వివరాల ఫారం ఏమిటో, ఎక్కడ నింపాలో ఫోన్లోనే చూపించొచ్చు. పాస్‌పోర్టు, వీసా వివరాలు, ఫొటో ఉంటే అరగంట పని. విద్యార్థి దేశానికి వచ్చిన 14 రోజుల్లో విదేశీయుల నమోదు కార్యాలయం (ఎఫ్ఆర్ఆర్ఓ) దగ్గర రిజిస్టర్ చేసుకోవాలి, 2018 నుంచి అదీ ఆన్‌లైనే. కిరాయి ఎగ్గొడితే ఎవరిని అడగాలి అన్నది ఓనర్ల అసలు ప్రశ్న. విదేశీ విద్యార్థుల కార్యాలయంలో ఒక ఉద్యోగి పేరు, ఫోన్ నంబరు రాసి, సంతకం పెట్టి ఇస్తే దానికీ జవాబు దొరుకుతుంది. అడ్మిషన్ల సీజను జులైలో మొదలవుతుంది, ఆ ఆదివారం జూన్‌లో పెట్టుకోవాలి.