మక్కీకి మక్కీ వద్దన్నాడు

1199లో ఈజిప్టులోని ఫుస్తాత్ నుంచి యూదు పండితుడు, వైద్యుడు మైమోనిడీస్ తన అనువాదకుడికి ఒక ఉత్తరం రాశాడు. దక్షిణ ఫ్రాన్సు వాడైన శామ్యూల్ ఇబ్న్ తిబ్బన్ ఆయన తత్త్వగ్రంథం 'సందిగ్ధులకు మార్గదర్శి'ని హీబ్రూలోకి మారుస్తున్నాడు. మూలం యూదు అరబ్బీ, అంటే అరబ్బీ మాటలు, హీబ్రూ లిపి. వచ్చి కలుస్తానని అనువాదకుడు అడిగితే, వస్తే సంతోషమేగానీ మాట్లాడే తీరిక దొరకదన్నాడు పెద్దాయన. పొద్దున్నే కైరో వెళ్ళి సుల్తాను కొలువులో వైద్యం. మధ్యాహ్నం ఆకలితో ఇల్లు చేరితే వసారా నిండా రోగులు. నీరసంతో పడుకునే మందులు చెప్పేవాడట! అంత అలసటలోనూ అనువాదం గురించి ఓపిగ్గా చెప్పాడు: మక్కీకి మక్కీ దించకు, ముందు భావం పట్టుకో, తర్వాత నీ భాషలో చెప్పు. తమాషా ఏమిటంటే, 1204లో ముగిసిన ఆ హీబ్రూ పాఠం అరబ్బీ వాక్యాల అడుగుజాడల్లోనే నడిచింది. అనువాదకుడిది అవిధేయత అనను, భయం అంటాను. తత్త్వగ్రంథంలో ఒక్క మాట జారినా మూలకర్త మీద అపనింద పడుతుందన్న భయం. ఆ భయమే హీబ్రూకి బోలెడు కొత్త పారిభాషిక పదాలనిచ్చింది. అయినా నా ఓటు ఉత్తరానికే.