చుట్టూ గాలిమరలు.. హాస్టల్లో ఉక్కపోత! వజ్రకరూరుకు 'ల్యాబ్ హాస్టల్' ఎందుకు కావాలి?

వజ్రకరూరు అనగానే తొలకరి వానలకు పొలాల్లో సాగే వజ్రాల వేటే గుర్తొస్తుంది. కానీ అనంతపురం జిల్లాలో ఇప్పుడు పెద్ద వేట ఎండ, గాలి కోసం. ఉరవకొండ, వజ్రకరూరు వైపు వెళ్తే గాలిమరలు వరుసగా కనిపిస్తాయి. ఇదే జిల్లా గుత్తి మండలం బేతపల్లిలో 2025 మేలో రెన్యూ సంస్థ రూ.22 వేల కోట్ల సోలార్, విండ్, బ్యాటరీ ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది. కరెంటు ఇక్కడ పుడుతోంది, సరే. మరి ఆ చదువు ఇక్కడి పిల్లలకు ఎక్కడ దొరకాలి? వాళ్లుండే హాస్టల్లోనే ఎందుకు దొరకకూడదు?

లివింగ్ ల్యాబ్ అంటే ఏంటి?

సింపుల్‌గా చెప్పాలంటే.. ఉండే భవనమే ప్రయోగశాల. హైదరాబాద్ శివారు పోచారంలో ఇన్ఫోసిస్ ఈ పని చేసి చూపించింది. ఒకే ఆఫీసు భవనంలో ఒక సగానికి మామూలు సెంట్రల్ ఏసీ పెట్టింది. రెండో సగంలో శ్లాబ్‌లోని పైపుల్లో చల్లటి నీళ్లు తిప్పింది. రెండేళ్లు మీటర్లు చూస్తే రెండో సగంలో కూలింగ్‌కు 34 శాతం తక్కువ కరెంటు ఖర్చయింది. 2014లో అష్రే జర్నల్‌లో ఈ ఫలితాలు వచ్చాయి.

హాస్టల్‌కు అంత ఖరీదైన సిస్టమ్ అక్కర్లేదు. తీసుకోవాల్సింది ఆ పద్ధతి.. పక్కపక్కనే పెట్టి కొలవడం.

ఇక్కడ ఎలా చేయొచ్చు?

ఒకే సైజు, ఒకే దిక్కున రెండు బ్లాకులు. ఒకదానిపై మామూలు శ్లాబ్, ఇంకోదానిపై తెల్లటి కూల్ రూఫ్. హైదరాబాద్‌లో చేసి 2012లో ప్రచురించిన అధ్యయనంలో కాంక్రీట్ కప్పుకు తెల్ల పూత వేస్తే కూలింగ్ కరెంటు 10 నుంచి 19 శాతం తగ్గింది. కానీ అనంతపురం దుమ్ములో ఆ తెలుపు ఎన్నాళ్లుంటుంది? ఈ లెక్క ఇక్కడే తేలాలి. మన పాత చౌడు మిద్దెలు మధ్యాహ్నం ఎంత చల్లగా ఉంటాయో కూడా థర్మామీటర్ పెట్టి పోల్చొచ్చు.

ఫ్యాన్ల సంగతి చూద్దాం. మామూలు సీలింగ్ ఫ్యాన్‌కు సుమారు 75 వాట్లు, బీఎల్‌డీసీ ఫ్యాన్‌కు 30 వాట్లు. 50 ఫ్యాన్లు రోజుకు 12 గంటలు తిరిగితే రోజుకు 27 యూనిట్లు, నెలకు 810 యూనిట్లు ఆదా. ఎయిర్ కూలర్లు పెట్టొచ్చు కదా అంటారా? వాటికి నీళ్లు కావాలి. ఇది కరువు సీమ, ఇక్కడ నీళ్లూ లెక్కే. అందుకే కప్పు, నీడ, గాలి వచ్చే కిటికీలే ముందు.

అసలు చిక్కు ఇదే

ప్రభుత్వ హాస్టల్లో కరెంటు బిల్లు కట్టేది శాఖ, వేడి భరించేది విద్యార్థి. పొదుపు చేసినా పిల్లల చేతికొచ్చేది ఏమీ లేదు. అందుకే బ్లాకుకో మీటర్ పెట్టాలి. రీడింగ్ రోజూ విద్యార్థులే బోర్డు మీద రాయాలి. మిగిలిన డబ్బు ఆ హాస్టల్‌కే ఇవ్వాలి. ఒక్క వేసవి పోలిక చాలు. ఏది గెలిస్తే అదే రెండో బ్లాకుకూ వేయాలి. లేదంటే ప్రయోగం పేరుతో సగం మందిని ఎండలో ఉంచినట్టే.

ఈ లెక్కలు పట్టుబడిన పిల్లలు రేపు సోలార్, విండ్ కంపెనీల గేటు దగ్గర వాచ్‌మన్ ఉద్యోగం అడగరు. లోపల మీటర్ల ముందు కూర్చునే ఉద్యోగం అడుగుతారు.