కొండను తొలిచి హాలు కట్టొద్దు

డిజిటల్ కళకు భవనం కట్టేవారికి మొదటి చిక్కు వయసుల దగ్గరే వస్తుంది. కాంక్రీటు తరాల పాటు నిలుస్తుంది. లోపలి ప్రొజెక్టర్లు కొన్నేళ్లకే పాతబడతాయి, ప్రదర్శన అంతకంటే ముందే మారిపోతుంది. ఇవాళ్టి యంత్రానికి కొలతపెట్టి కట్టిన హాలు రేపటి యంత్రానికి ఇరుకవుతుంది. పైగా ఈ కళకు చీకటి కావాలి. కిటికీలు లేని పెట్టెను కొండ పక్కన కట్టి, ప్రకృతి ఒడిలో ఉందని చెప్పుకోవడంలో అర్థమేముంది?

న్యూయార్క్‌లో 2019లో తెరిచిన ‘ది షెడ్’ భవనాన్నే కదిలించి చూపింది. దాని ఉక్కు కప్పు పెద్ద చక్రాల మీద పట్టాల వెంట జరుగుతుంది. ముందుకు లాగితే ఆరుబయలు హాలవుతుంది, వెనక్కి నెడితే మళ్లీ ఆరుబయలే. జానెడు జాగా దొరకని మన్‌హటన్‌కు అది సరిపోయింది. కొండవాలులో ఆ పట్టాలు వేయాలంటే కొండనే చదును చేయాలి.

ఫ్రాన్స్‌లోని లే బో గ్రామం దగ్గర దారి వేరు. అక్కడ రాయి తీసి వదిలేసిన సున్నపురాయి క్వారీని 2012 నుంచి ‘కారియేర్ ద ల్యూమియేర్’ పేరిట నడుపుతున్నారు. రాయి తీసినప్పుడు మిగిల్చిన భారీ స్తంభాలే కప్పును మోస్తున్నాయి. తెల్లని గోడలే తెరలు. వేసవిలోనూ లోపల చల్లగానే ఉంటుంది. క్లిమ్ట్, పికాసో, వాన్ గో ఎవరి ప్రదర్శన వచ్చినా మారేది బొమ్మలే, గోడ కాదు. దక్షిణ కొరియాలోని జెజు దీవిలోనూ మట్టి కప్పిన పాత కమ్యూనికేషన్ బంకర్‌ను 2018లో ఇలాగే వాడుకలోకి తెచ్చారు.

అసలు సౌలభ్యం కదిలే గోడల్లో లేదు, కనిపించని ఏర్పాట్లలో ఉంది. నేల కింద తెరిచి మూయగల కేబుల్ కాలువలు, పైన ఎక్కడైనా బరువు వేలాడదీయగల ఇనుప చట్రం, అవసరానికి మించిన కరెంటు లోడు, లారీ నేరుగా వచ్చే తలుపు ఉండాలి. ప్రొజెక్టర్ల వేడి బయటికి పోవాలి, వెలుగు మాత్రం పోకూడదు. సముద్రతీరంలో రాత్రి దీపాలుంటే గుడ్డు చీల్చుకొచ్చిన తాబేలు పిల్లలు నీళ్లవైపు కాక వాటివైపే నడుస్తాయి. ఆలివ్ రిడ్లీలు గుడ్లు పెట్టే విశాఖ తీరానికి ఈ హెచ్చరిక వర్తిస్తుంది.

ప్రకృతి మలిచిన గుహల జోలికి అసలే పోకూడదు. సందర్శకుల ఊపిరికి, దీపాల వెలుగుకు పాచి పట్టిన లాస్కో గుహను ఫ్రాన్స్ 1963లో మూసేయాల్సి వచ్చింది. బొర్రా గుహల్లో మరో దీపం పెట్టే ముందు మన పర్యాటక శాఖ దీన్ని గుర్తుంచుకోవాలి.

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ రాయి తీసి వదిలేసిన క్వారీలకు కొదవ లేదు. ఇలాంటి కళా కేంద్రం కట్టాలనుకునే ప్రభుత్వం ముందు వాటి జాబితా తీయించి, రాతి పటుత్వం, నీటి ఊట పరీక్షించాలి. అవేవీ పనికిరావని తేలకముందే కొత్త కొండ మీదికి పొక్లెయిన్ పంపడం క్షమించరానిది.