ఫజ్ ముందు బఫర్ వద్దు



గిటార్ పెడళ్ల వరుసపై గత సంచికలో మీరు వేసిన వ్యాసంలో చాలావరకు ఒప్పుకోదగ్గదే. డిలే, రివర్బ్ చివర ఉండాలన్న మాట సరైనదే. డిలేను డిస్టార్షన్‌కు ముందు పెడితే ప్రతిధ్వనులన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసి స్పష్టత పోతుంది. కానీ ‘బఫర్ ఉన్న ట్యూనర్ ఎప్పుడూ మొదటే’ అన్న సూత్రాన్ని మాత్రం ఒప్పుకోలేను.

1966లో వచ్చిన ఫజ్ ఫేస్ లాంటి ఫజ్ పెడళ్లకు ఇన్‌పుట్ ఇంపెడెన్స్ చాలా తక్కువ. అవి గిటార్ పికప్‌తో నేరుగా ముడిపడి పనిచేస్తాయి. గిటార్ మీది వాల్యూమ్ కాస్త తగ్గించగానే గరగర తగ్గి స్వరం తేటగా పలికేది ఆ ముడివల్లే. మధ్యలో బఫర్, అంటే సిగ్నల్ నీరసించకుండా చూసే సర్క్యూట్, దూరిందా, ఆ గుణం చాలావరకు పోతుంది, ధ్వని చెవికి గుచ్చుకునేంత పదునెక్కుతుంది. కాబట్టి ముందు ఫజ్, ఆ తర్వాతే బఫర్. ఆపినప్పుడు సిగ్నల్‌ను నేరుగా పోనిచ్చే ట్రూ బైపాస్ ట్యూనరైతే మొదట్లో ఉన్నా ఇబ్బంది లేదు.

ఫేజర్ లాంటి మాడ్యులేషన్ పెడళ్లన్నీ డిస్టార్షన్ తర్వాతే ఉండాలన్న మీ మాటనూ ఒప్పుకోలేను. గిటారిస్టు ఎడ్డీ వాన్ హేలెన్ ఫేజ్ 90 ఫేజర్‌ని ఆంప్ ముందే పెట్టి, ఆ ధ్వనిని ఆంప్ డిస్టార్షన్‌లోకి పంపారు. వాన్ హేలెన్ బ్యాండ్ 1978 నాటి తొలి ఆల్బమ్‌లో వినిపించే ఆ మెలితిరిగే స్వరం ఈ వరుస ఫలితమే.

కొత్తగా నేర్చుకునే పిల్లలు మీ వ్యాసంలోని వరుసను శాసనంలా పాటిస్తారు. దయచేసి వచ్చే సంచికలో ఈ సవరణ వేయండి.

ఒక పాఠకుడు, విశాఖపట్నం